నేలకు భయపడిన కుక్క

వెండెల్ హ్రుస్కా మోకాళ్ల మీద కూర్చుని ఓక్ చెక్క నేలకు చివరి పూత వార్నిష్ వేస్తున్నాడు. బ్రష్షు చెక్క గీతల వెంటే సాగాలి, అడ్డం పోతే మరకలు తేలతాయి. డేటన్ ఊళ్లో తాను అద్దెకిచ్చే ఆరు వాటాల ఇంట్లో ఇరవై రెండేళ్లుగా మరమ్మతులన్నీ ఆయనవే. పెంపుడు జంతువులకు చోటు లేదన్న నియమమూ ఆయనదే.

భార్య ఆర్డిస్ గుమ్మంలోకి వచ్చింది. "ఈ వాటా కోసం ఒకావిడ వచ్చింది. జోలీన్ ప్రూయిట్ అట, స్కూలు బస్సు నడుపుతుంది. వెంట కుక్కుంది. గుర్రప్పిల్లంత!"

"ఈ నేల మీద కుక్కా?"

"మానసిక ధైర్యం కోసం ఉంచుకున్నదట. వెళ్లి మాట్లాడు, మొహం మాత్రం అలా పెట్టకు."

వరండాలో జోలీన్ ఆయనకు, అది తోడు కుక్కేనని రాసున్న ఓ ప్లాస్టిక్ కార్డు చూపించింది. దాని మీద కుక్క ఫొటో, బంగారు ముద్ర ఉన్నాయి. "ఇంటర్నెట్‌లో తీసుకున్నానండీ."

"ఫొటో పంపితే నా రంపానికీ ఇస్తారమ్మా ఇలాంటిది."

ఆమె మొహం వాడిపోయింది. "శనివారానికల్లా ఇప్పుడున్న ఇల్లు ఖాళీ చేయాలి. దీన్ని వదిలి ఉండలేను."

"కాదనలేదు. ఈ కుక్క మీకు అవసరమని మీకు వైద్యం చేసేవాళ్లు రెండు ముక్కలు రాసిస్తే చాలు. జబ్బేమిటో నాకు చెప్పక్కర్లేదు, నేను అడక్కూడదు."

అడగకూడదు కానీ తెలుసుకోవాలని మాత్రం ఆయనకు మహా కుతూహలంగా ఉంది. ఏ పనిముట్టయినా విప్పి చూస్తే గానీ నిద్రపట్టని మనిషి. బక్కచిక్కి, మొరగకుండా నిలబడ్డ ఈ కుక్క ఇంతకీ ఏం చేస్తుంది?

మర్నాడే ఉత్తరం వచ్చింది. నాలుగేళ్లుగా ఆమెను చూస్తున్న కౌన్సెలర్ సంతకంతో, మూడే వాక్యాలు. అద్దె దరఖాస్తులో పెంపుడు జంతువు డిపాజిట్ అన్న వరుసను ఆర్డిస్ కొట్టేసింది.

"అదెందుకు కొట్టేశావు?"

"చట్టం ప్రకారం ఇది పెంపుడు జంతువు లెక్కలోకి రాదు. లైబ్రరీలో ఇళ్ల యజమానుల క్లాసులో చెప్పారు. నువ్వప్పుడు గురక పెడుతున్నావు."

"నేల గీకేస్తే?"

"గీకితే అప్పుడు చూద్దాం. అందరికీ ఉన్న డిపాజిట్ ఆవిడకీ ఉందిగా."

శుక్రవారానికి వార్నిష్ బాగా ఆరింది. జోలీన్ కుక్కను తీసుకుని వచ్చింది. అది ఒక కాలు లోపల పెట్టింది, ఆ కాలు జర్రున జారింది. వెంటనే వెనక్కి తీసుకుని గడప దగ్గరే వణుకుతూ నిలబడిపోయింది. ఎంత పిలిచినా కదల్లేదు. మూడు రోజులుగా వెండెల్ దాని గోళ్లకు భయపడుతుంటే, అదేమో ఆయన నేలకు భయపడుతోంది.

"ఇక్కడా కుదరదేమో," అంటూ జోలీన్ గడప మీదే కూలబడింది. ఊపిరి వేగం పెరిగింది, వేళ్లు బిగుసుకున్నాయి. కుక్క వణుకు మాని, ఆమె భుజానికి తన ఒళ్లంతా ఆనించి కదలకుండా నిలబడింది. కాసేపటికి ఆమె ఊపిరి నెమ్మదించింది.

వెండెల్‌కు కావలసిన జవాబు దొరికింది. కిందికి వెళ్లి, మిగిలిపోయిన తివాచీ చుట్ట, జారకుండా అడుగున పరిచే రబ్బరు వల తెచ్చాడు. టేపుతో కొలిచి, పదునైన కత్తితో పొడవాటి పట్టీలుగా కోశాడు. గుమ్మం నుంచి వంటింటికి ఒకటి, పడకగదికి ఒకటి, కిటికీకి ఒకటి. అంచులు ఎక్కడా లేవకుండా అరచేత్తో నొక్కి చూశాడు.

కుక్క వాసన చూసింది. ఒక కాలు పెట్టింది, రెండోదీ పెట్టింది. తిన్నగా కిటికీ దాకా నడిచి, అక్కడ ఎండలో పడుకుంది.

"దీని పేరు అడగొచ్చుగా?" అన్నాడు వెండెల్.

జోలీన్ నవ్వింది. "ఓపల్ అండీ."

ఆయన కత్తి మడిచి జేబులో పెట్టుకుని, రెండు తాళంచెవులు ఆమె చేతిలో పెట్టాడు.