టీచరుగారి తుంగచాప

పొద్దున్నే తుంగచాప విప్పగానే ఎండుగడ్డి వాసన, దాని అడుగున ఎక్కడో కొల్లేటి బురద వాసన ముక్కుకు తగులుతాయి. ఎన్నేళ్లయినా పోలేదు. అది తగలగానే నా వెన్ను దానంతటదే నిటారుగా లేస్తుంది, తరగతిలోకి టీచరు వచ్చినప్పుడు పిల్లలు లేచినట్టు. ఆ చాప ఇచ్చింది నిజంగా టీచరే. పేరు సుగుణమ్మగారు.

మాది తాడేపల్లిగూడెంలో చీరల కొట్టు. కొనేవాళ్లకు కుర్చీలుండవు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద మేమొకవైపు, ఆడవాళ్లు ఎదురుగా కూర్చోవాలి. చీర మా ఒళ్లోంచి వాళ్ల ఒళ్లోకి జారాలి. అలా జారిన చీరను వదిలి లేవడం ఎవరికీ తేలిక కాదని మా నాన్న నమ్మకం. నలభై రెండో ఏట నా నడుం పట్టేసింది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. ఏలూరులో చూపించుకుంటే డాక్టరుగారు యోగా మొదలుపెట్టమన్నారు. మా తమ్ముడు మాత్రం ఒక కుర్చీ తెచ్చి గల్లాపెట్టె పక్కన వేశాడు. "నువ్విక్కడ కూర్చుని చూస్తూ ఉండన్నయ్యా, పరుపు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కానీ ఆ కుర్చీని చూస్తే నాకు దండ వేసిన మా తాతగారి ఫోటో గుర్తొచ్చింది. మళ్లీ ఆ పరుపు మీద కూర్చుని తీరాలనుకున్నాను.

సుగుణమ్మగారు మా వెనక వీధిలో ఉండేవారు. కొల్లేటికోటలో పుట్టి, ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. బోర్డు ముందు నిలబడీ నిలబడీ పట్టేసిన తన నడుమును యోగాతోనే దారిలో పెట్టుకున్నారట. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ వరండాలో నలుగురైదుగురికి నేర్పేవారు. మొదటిరోజు నన్ను గోడకు ఆనుకుని కూర్చోమని, "పది ఊపిర్లు, నెమ్మదిగా" అన్నారు.

"ఐదు చేసుకోండి టీచరుగారూ. కొత్తవాణ్ణి కదా."

"సరేనండీ, ఐదే. కానీ రోజూ."

అంత సులువుగా ఒప్పుకునేసరికి నాకు దిగులు పట్టుకుంది. మూడు అడగాల్సింది.

నాలుగు రోజులు వెళ్లాను. ఇంతలో పెళ్లిళ్ల కాలం వచ్చిపడింది. వారం పైగా ఎగ్గొట్టాను. మాకు తెలిసిన విద్య ఒక్కటే, సరుకు తగ్గితే ఒకేసారి ఎక్కువ దింపుకోవడం. ఒక ఆదివారం గది తలుపులు వేసుకుని, ఎగ్గొట్టిన రోజులవీ, ముందు ఎగ్గొట్టబోయే రోజులవీ కలిపి ఒక్క పూటలో చేసేశాను. ఆవిడ నాకింకా నేర్పని భుజంగాసనం కూడా, పక్కవాళ్లు చేస్తుంటే చూసిన గుర్తుతో. సోమవారం మంచం మీంచి లేవలేకపోయాను.

సంగతి తెలిసి ఆవిడ చాప చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికే వచ్చారు. జరిగింది చెబితే కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు.

"షావుకారుగారూ, చీరలైతే బీరువాలో దాస్తారు. రేపటి ఊపిరి ఇవాళే పీల్చి ఎక్కడ పెడతారండీ?"

"తప్పయిపోయిందండీ. ఇక నా పని అయిపోయినట్టేనా?"

"ఇంకా మొదలే కాలేదు. నొప్పి తగ్గాక మళ్లీ ఐదు. ఇది మా అమ్మ అల్లిన చాప. చుట్టి మూల పెట్టారని తెలిసిందా, వచ్చి పట్టుకుపోతాను."

నొప్పి తగ్గాక గోడ ఆసరాతో ఐదు. కొన్నాళ్లకు గోడ వదిలాను. ఐదు పదయ్యాయి, పెంచింది నేనే, ఆవిడ అడగలేదు. వానలు వెనకబట్టేసరికి కొట్లో పరుపు మీద ఒక పూటంతా కూర్చోగలిగాను. తమ్ముడు మాత్రం కుర్చీ తియ్యలేదు. "ఉండనీ అన్నయ్యా, ఎందుకైనా మంచిది" అన్నాడు.

ఆ వారమే టీచరుగారు కొట్టుకొచ్చారు. నా ఎదురుగా కూర్చుని అడుగు అరలో చీర చూపించమన్నారు. తరవాత పై అరలోది. మళ్లీ అడుగుది. వంగాను, లేచాను, కూర్చున్నాను. పరుపు నిండా చీరలు. చివరికి ఆవిడ లేచి చెప్పులేసుకున్నారు.

"ఒక్కటీ నచ్చలేదాండీ?"

"చీరల కోసం రాలేదండీ. మీ నడుం చూద్దామని వచ్చాను. బావుంది."

కొట్టంతా తిరగేయించి ఉత్త చేతులతో వెళ్లే మనిషిని నవ్వుకుంటూ గుమ్మం దాకా సాగనంపింది మా వంశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. తిరిగొచ్చి, చీరలు మడతపెట్టడానికి మళ్లీ కిందే కూర్చున్నాను. తమ్ముడు కుర్చీ ఎత్తి లోపల పెట్టాడు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. చాప అంచులు విడిపోతే పాత చీర అంచు వేసి కుట్టించాను. ఇప్పటికీ బద్ధకం కమ్మిన రోజున "ఇవాళ్టికి ఐదు చాల్లెండి" అని బేరం మొదలుపెడతాను. అవతల నుంచి మాట రాదు, గడ్డి వాసన వస్తుంది. పదీ పూర్తిచేసి కొట్టు తెరవడానికి వెళతాను.