బేస్‌బాల్ నాకు సవతయిన రోజులు

మొన్న భుజం నొప్పికని మావారిని కాకినాడలో డాక్టరుకి చూపిస్తే, ఆ అబ్బాయి ఎక్స్‌రే చూసి, వయసులో ఉండగా క్రికెట్ బాగా ఆడేవారా అని అడిగాడు. ఈయన నొప్పి మర్చిపోయి నిటారుగా కూర్చుని, "క్రికెట్ కాదు బాబూ, బేస్‌బాల్. కువైట్‌లో ఆడేవోణ్ణి, ఆయ్!" అన్నారు. ఇన్నేళ్ళయినా ఆ మాట వినగానే నా కడుపులో చిన్న మంట లేచింది.

ఆ రోజుల్లో గల్ఫ్‌లో కాపురం చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మొగుడు ఇంట దొరికేది ఒక్క శుక్రవారమే. డెబ్బైల చివర్లో నేను కోనసీమ నుంచి కాపురానికి వెళ్ళేసరికి మావారు అహ్మదిలో చమురు కంపెనీ టెక్నీషియన్. పైన పరంజా మీదున్న మనిషి చేతిలో పడేలా కింద నుంచి కమలాపండు విసురుతుంటే చూసి, వాళ్ళ అమెరికన్ సూపర్‌వైజరు తమ బేస్‌బాల్ జట్టులోకి లాక్కున్నాడట. బ్యాటు పట్టినవాడికి బంతి విసరడం ఈయన పని. ఇక ప్రతి శుక్రవారం తెల్లారేసరికి కింద బస్సు హారను, మెట్ల మీద ఈయన పరుగు, చందువ చేపల పులుసు కాచుకుని నేను.

మిష్రిఫ్‌లో ఒక కువైటీల ఇంట్లో పనిచేసే కడప అమ్మాయి సెలవు దొరికినప్పుడు మా ఇంటికొచ్చేది. నా ఏడుపంతా విని, "ఊరుకోక్కా! మా మామా మొగునికి నిజంగానే ఇంకో పెండ్లాం ఉండాది. నీకు బంతే గదా!" అని నవ్వేది. మామా అంటే దాని యజమానురాలు. ఆవిడ కష్టం ముందు నాది కష్టమే కాదని తెలిసినా, మంట మాత్రం చల్లారలేదు.

ఉండబట్టలేక ఒక శుక్రవారం నేనూ వెళ్ళాను. వెళ్ళకపోయినా బాగుండేది. ఇసుక మైదానంలో ఈయన చెయ్యి తిప్పి బంతి విసిరితే, ఆట చూడ్డానికొచ్చిన దొరసానులు ఈయన పేరు సగానికి విరిచి కేకలేస్తున్నారు. ఈయన తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వారు. పెళ్ళయింది మొదలు అప్పటిదాకా ఆ నవ్వు మా గదిలోకి ఒక్కసారీ రాలేదు. పరాయివాళ్ళందరికీ తెలిసిన నవ్వు నాకు తెలియదే అని కుళ్ళి చచ్చాను.

కొన్నేళ్ళు అలాగే గడిచాక, ఒక పెద్ద పోటీలో భుజం పట్టేసినా ఆపకుండా విసిరి, చివరికి చెయ్యి ఎత్తలేక కూలబడ్డారు. సూపర్‌వైజరే ఇంటికి ఖర్జూరాల డబ్బా తెచ్చి, కళ్ళు దించుకుని, "ఖలాస్, మై ఫ్రెండ్," అన్నాడు. జట్టులో ఈయన స్థానంలోకి ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు వచ్చాడు.

సవతి పోయింది గదా, నేను సంబరపడాలి. కానీ శుక్రవారం బస్సు మా ఇంటి ముందు ఆగకుండా వెళ్ళిపోతుంటే ఈయన గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆ వీపు చూస్తే, ముఖమైనా ఎరగని ఆ కుర్రాడి మీద నాకు ఎక్కడలేని అసూయ పుట్టేది. చివరికి ఒక సాయంత్రం, "లేవండి, నాకు నేర్పండి," అని వెనకవైపు ఖాళీ జాగాలోకి లాక్కెళ్ళాను. ఎడమచేత్తో మెల్లగా విసిరారు. నేను కొంగు పట్టాను. బంతి కొంగులో పడ్డట్టే పడి నా పాదం మీదకి జారింది. నేను కెవ్వుమన్నాను. ఈయన తల వెనక్కి వాల్చి నవ్వారు.

ఇప్పుడు వారమంతా ఆయన నా ఎదురుగా కుర్చీలోనే ఉంటారు. పేపరు చదువుతారు, కునుకు తీస్తారు, మందుల వేళ అడుగుతారు. పంచుకోవడానికి ఎవరూ రారు. ఒక మనిషి కోసం అంతలా కుళ్ళుకునే ఓపిక ఎప్పుడు పోయిందో, ఎంత ఆలోచించినా గుర్తు రాదు.