గోడకు మిగిలిన బిళ్ల

గోదావరిఖనిలో బొగ్గు గని దీపాల గదిలో పనిచేసి రిటైరయ్యాను. గనిలోకి దిగేవాళ్ల నంబరు బిళ్లలు బోర్డుకు తగిలించి, పైకొచ్చాక తిరిగివ్వడం నా డ్యూటీ. బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు.

నిరుడు మా ఆవిడతో హిమాలయాల్లో కొండ నడకకు వెళ్లాను. దారిలో ఒక రాతి గుడిసెలో బస. మనిషికి ఎనిమిది వందలు. పరుపు, పప్పన్నం అందులోనే, వేన్నీళ్లకు మాత్రం వేరే. శిఖరానికి వెళ్లేవాళ్లు పేరు రాసిన చెక్క బిళ్లను గుమ్మం పక్కన తగిలించి, తిరిగొచ్చాక తీసేయాలి.

మర్నాడు సాయంత్రం అందరం శిఖరం నుంచి దిగొచ్చి, బిళ్లలు తీసేసి టీ తాగుతున్నాం. అలవాటుకొద్దీ గోడ వైపు చూశాను. ఇంకా ఒక బిళ్ల ఉంది.

"ఆగుండ్రి! ఒక్క మనిషి ఇంకా కిందనే ఉన్నడు!" అని అరిచాను.

"కిందెవరున్నరయ్యా? మనం గుట్ట మీదున్నం," అంది మా ఆవిడ.

గుడిసె యజమాని నా చూపు ఎటుందో గమనించి హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ఆ బిళ్ల అతని తమ్ముడిది. పైకి వెళ్లి ఆరేళ్లయింది, తిరిగి రాలేదు. తమ్ముడి మంచం ఎంత రద్దీలోనూ ఎవరికీ ఇవ్వడట.

మా గనిలో పైకప్పు కూలి లోపలే ఉండిపోయిన కార్మికుడు కొమరయ్య బిళ్లను, మూడో రోజే తుడిచి కొత్తతనికి ఇచ్చింది నేనే. బోర్డు ఖాళీ అయిందని అప్పుడు హాయిగా కూడా అనిపించింది.

ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.