ఎండలో తీసిన నాయనమ్మ నెగెటివు

మా మేనత్త గజపతినగరంలో కన్నుమూసిందని పోయిన వారం అన్నయ్య ఫోను చేశాడు. చెబుతూనే, "మన ఇంటికి వన్నె తెచ్చిన మనిషి. ఆ రోజుల్లో ఫోటో స్టూడియో నడిపిన ఆడవాళ్లు ఎవరున్నారు?" అన్నాడు. దుఃఖం కంటే ముందు నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ వన్నెను మేము ఎక్కడ దాచామో నాకు తెలుసు.

అరవైల చివర నేను విజయనగరంలో బీఎస్సీ చదువుతూ, సెలవులన్నీ అత్త దగ్గరే గడిపేదాన్ని. మావయ్య పోయాక స్టూడియో అమ్మేయమని మా నాన్నతో సహా అందరూ పోరారు. ఆమె వినలేదు. భర్త పోయిన మనిషని పెళ్లి ఫోటోలకు ఎవరూ పిలిచేవారు కాదు. పాత ఫోటోలకు నకళ్లు కావాలంటే మాత్రం సాలూరు నుంచి కూడా వచ్చేవారు.

ఆ పని డాబా మీద సాగేది. వెలుగు సోకితే నల్లబడే కాగితం మీద పాత ఫోటోను బోర్లించి, గాజు పలక బిగించి, ఎండలో పెట్టేది. ఎండ ఫోటో గుండా దిగి, కింది కాగితం మీద నెగెటివు ఏర్పడేది. పక్కింటావిడ పిట్టగోడ మీంచి, "ఏటొదినా, వడియాలా?" అనేది. "అవునొదినా, మనుసుల వడియాలు." ఇదంతా అతినీలలోహిత కిరణాల మహిమ అని నేను పాఠం మొదలుపెడితే, "పేరేదైతే ఏటే, మబ్బొస్తే రాదు కదా" అని నవ్వేది. మబ్బు కమ్మినా విసుక్కునేది కాదు. "ఎండని నమ్ముకున్నోళ్లు మబ్బుని తిట్టకూడదే" అనేది.

అన్నయ్య పెళ్లి కుదిరాక నాన్న నాయనమ్మ ఫోటో పట్టుకొచ్చాడు. ఉన్నది అదొక్కటే. చెంప మీద నల్లని వాన మరక.

"పందిట్లో పెట్టాల సెల్లీ. అమ్మ ముకం బాగవుతాదా?"

"అవుతాది. మరి నన్నెక్కడ పెడతావు అన్నియ్యా?"

నాన్న ఫోటోను ఆమె చేతిలో పెట్టి మెట్లు దిగిపోయాడు.

నెగెటివులో ఆ మరక తెల్లగా తేలింది. అత్త దాన్ని పెన్సిలుతో కొద్దికొద్దిగా నల్లగా దిద్ది, వెలుగు బాగా దిగేలా కాగితానికి కొబ్బరినూనె రాసి, మళ్లీ ఎండలో పెట్టి కొత్త ఫోటో తీసింది. నాయనమ్మ తేట చెంపతో బయటికి వచ్చింది. "నన్ను తిట్టడానికే లేసొచ్చినట్టున్నాది ముసల్ది" అంది అత్త, కళ్లు ఒత్తుకుంటూ.

పెళ్లినాడు ఫోటో పందిట్లో పూలదండతో ఉంది. అత్త, పెళ్లికూతురి కంట పడకూడదని, సామాన్ల గదిలో ఉంది. నేను ఆమెకు తోడుగా కూర్చున్నాను. కిటికీ అవతల వియ్యంకుడు ఫోటోను మెచ్చుకుని, ఎవరు చేశారని అడిగాడు.

"ఇశాపట్నంలో సేయించాం బావా" అన్నాడు నాన్న.

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సూసావేటే? టిక్కెట్టు కొనకుండా నన్ను రైలెక్కించేసినాడు మీ నాన్న."

వెళ్లి చెప్పేస్తానని లేచాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"సెప్పకు. నా సెయ్యి తగిలిందంటే ఆ ఫోటో తీసేస్తారు. అమ్మని అక్కడుండనీయే."

ఆమె అన్నది నిజమని తెలిసే కూర్చున్నాను. ఎవరికీ తల వంచకుండా బతికానని చెప్పుకునే మనిషిని నేను. అత్త మాట నిజమయ్యే ఇంట్లో పుట్టానన్న తలపు వస్తే ఆ తల దానంతట అదే వాలిపోతుంది. ఫోటో సంగతి అన్నయ్యకు ఈసారి ఫోనులో చెప్పాను.

ఆ రోజు తాళి కట్టాక అన్నయ్యా వదినా నాయనమ్మ ఫోటోకు మొక్కారు. తలుపు సందులోంచి చూస్తున్న అత్త, అక్షింతలు వేస్తున్నట్టు, ఉత్త చేతులు రెండూ పైకెత్తింది. నేను చూస్తున్నానని గమనించి, మూల సాలెగూడు దులుపుతున్నట్టు వాటిని గాలిలో ఆడించింది.