ఏరు అన్నాడని ఏరాను

ఆ రోజుల్లో మా ముసునూరు తోటల్లో బంగినపల్లి కాయ ఒక్కొక్కటి తాబేలంత ఉండేది. (నమ్మరా? సరే, తాబేలు పిల్లంత. అంతకంటే తగ్గను.) ఇలాంటివి సరదాగా చెప్పే నేను ఈ ఒక్క సంగతి మాత్రం పళ్లు నూరుకుంటూ చెబుతున్నాను. మొన్న మా పెదనాన్న మనవరాలు బడిలో తెలుగు మాట్లాడిందని గోడవైపు తిప్పి నిలబెట్టారట. ఆయన ఒక పూట అన్నం మానేసి, "అమ్మ నేర్పిన మాట మాట్లాడితే శిక్షేంట్రా? వీళ్లు మనుషులేనా?" అని వీధంతా వినపడేలా అరిచాడు. ఆయన అన్నది నిజమే. నాకు ఒళ్లు మండింది అందుకే.

ఇరవై ఏళ్ల వయసులో, డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నాకు ఆయన తన తోట మీద పెత్తనం అప్పగించాడు. కోతలకి చింతలపూడి అవతల అడవి వైపు నుంచి కోయవాళ్లు వచ్చేవారు. వాళ్లు కోయలో ఏదో అనుకుని నవ్వుకునేవారు. ఆ నవ్వు తన బట్టతల గురించేనని పెదనాన్న గట్టి నమ్మకం. "ఒరేయ్, నా తోటలో తెలుగు తప్ప ఇంకో మాట వినపడకూడదు. ఇద్దరిద్దర్ని ఒక చెట్టు దగ్గర ఉంచకు," అన్నాడు. నేను ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివినవాణ్ణి కదా, తండ్రీకూతుళ్లని కూడా విడదీశాను. తెలుగు బాగా వచ్చిన కూతుర్ని షెడ్డులో కాయలు సర్దమన్నాను. తెలుగు అంతంతమాత్రమైన ముసలాయన్ని తోట చివర పెద్దరసం చెట్టెక్కించాను. నీళ్లకుండ షెడ్డులోనే ఉంది.

నడినెత్తిన ఎండ. చెట్టు మీంచి ముసలాయన నావైపు చెయ్యి ఊపి, "ఏరు... ఏరు," అన్నాడు. కింద కాయలు రాలి ఉన్నాయి. పెత్తందారుకే పని పురమాయిస్తాడా అని పౌరుషం వచ్చినా, పెద్దవాడు కదా అని ఏరాను. మళ్లీ "ఏరు!" అన్నాడు. గడ్డిలోవి కూడా ఏరాను. "ఏరు, బాబూ..." ఈసారి గొంతు సన్నగా వచ్చింది. "ఏరుతున్నాగా తాతా! నాకేమన్నా పది చేతులున్నాయా?" అని కసిరి, పురుగు పట్టినవి కూడా వదలకుండా ఏరాను. (ఆ తోటలో నేల అంత శుభ్రంగా ఎన్నడూ లేదు. కోతల కాలమే గానీ, ఈ మాట మాత్రం కోత కాదు.)

అంతలో ఆయన చేతిలోని, కాయలు కోసే చిక్కం కర్ర జారి కింద పడింది. దాని వెనకే ఆయన కొమ్మా కొమ్మా పట్టుకుంటూ జారి, నేను పోసిన కాయల రాశి పక్కన ఒరిగిపోయాడు. నా కేక విని కూతురు షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏమడిగాడండీ మా అయ్య?"

"ఏరమన్నాడు... ఏరాను," అని రాశి చూపించాను.

ఆమె ఆ రాశి వైపు, తర్వాత నా వైపు చూసింది. "ఏరంటే మా మాటలో నీళ్లండీ! మనిషి నీళ్లో అని మొత్తుకుంటుంటే కాయలేరుకుంటున్నారా? మీ తోటకొచ్చేందుకు మేం మీ భాషంతా నేర్చుకున్నామే! మా మాట ఒక్కటన్నా మీకు అక్కర్లేకపోయిందా?"

కుండ తేవడానికి పరిగెత్తాను. ఆ పరుగులో సగం నా ఒంటి మీదే ఒలకబోసుకుని, మిగిలిన సగం తెచ్చాను. ఆమె తండ్రి పెదవులు తడుపుతూ కోయలో గట్టిగా పిలుస్తోంది. అప్పుడే వచ్చిన పెదనాన్న, "తెలుగులో..." అని నోరు తెరిచాడు. "నువ్వూరుకో పెదనాన్నా! దాహం కూడా నీ భాషలోనే వెయ్యాలా?" అని అరిచాను. ఆయన మీద నేను అరవడం అదే మొదలు. ముసలాయన ఒక గుటక వేశాడు. ఇంకో గుటక. బతికాడు.

మర్నాటి నుంచి ఆయన వెనకాలే తిరిగి, రోజుకో మాట చొప్పున కోయ నేర్చుకున్నాను. (వాళ్లు నిజంగానే బట్టతల గురించే నవ్వుకునేవారు. ఆ సంగతి పెదనాన్నకి నేటికీ చెప్పలేదు.)

మొన్న పెదనాన్న అరుపులయ్యాక ఇదంతా గుర్తుచేసి, "అప్పుడు మనం చేసిందేంటి?" అని అడిగాను. "అదీ ఒక భాషేనని అనుకోలేదురా," అన్నాడు. నా కోపమంతా అక్కడే ఉంది. మనది అయితే భాష, పక్కవాడిది అయితే గోల! తెలుగు, కోయ, ఇంకోటి, పిల్లల నోట్లో అన్నీ పడతాయి. పట్టనిది మన బుర్రల్లోనే.

ముసలాయన పోయి చాలాకాలమైంది. కూతురితో మాత్రం ఫోన్లో కోయలోనే మాట్లాడతాను. పెదనాన్న మనవరాలిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. అటువైపు ఆమె మనవరాలు, రెండో తరగతి పిల్ల, నా యాసకి పడీ పడీ నవ్వి, ఒక్కో మాటా నాలుగేసి సార్లు అనిపిస్తుంది. మా పిల్లకి మొదటిసారికే వచ్చేస్తుంది. నాకు రాదు. ఒకప్పటి పెత్తందారు ఈ వయసులో, చెవికి ఫోను అదిమిపట్టుకుని, చీవాట్లు తింటూ మళ్లీ మళ్లీ తప్పే పలుకుతుంటాడు.