రెండోసారి తీసిన చీటీ

మా చర్చి సంఘంలో ఒక అలవాటుండేది. పెళ్లి సంబంధం ఖాయం చేసుకోవాలన్నా, చేలో బోరు వేయాలన్నా, రెండు చీటీలు రాసి బైబిల్లో పెట్టేవాళ్లు. ప్రార్థన చేసి కళ్లు మూసుకుని ఒకటి తీసేవాళ్లు. ఏది వస్తే అది దేవుడి మాట. ఆళ్లగడ్డలో ఈ అలవాటును నలుగురికీ నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. బడిలో పాఠాలు చెప్పే నోరు కదా, మందిరంలోనూ ఊరుకోలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం నుంచి మా పాపకు కడుపునొప్పి. తొమ్మిదేళ్ల పిల్ల. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. తాగిన నీళ్లు కూడా కక్కేసింది. ఊళ్లో డాక్టరు మాత్రలిచ్చి, తగ్గకపోతే నంద్యాలకు తీసుకుపొమ్మన్నాడు. తగ్గలేదు.

మరుసటి రోజు కోత పండుగ. పాస్టరు గారు ఊళ్లో లేరు, వాక్యం చెప్పే వంతు నాది. సంజామల నుంచి కూడా మనుషులు వస్తున్నారు. రెండు వారాలుగా సిద్ధపడ్డాను. నేను ఎంచుకున్న అంశం, జ్ఞానం తక్కువైనవాడు దేవుణ్ణి అడగాలి అని. నవ్వండి, నవ్వాల్సిన సంగతే.

లోపలి గదిలో తలుపు వేసుకుని చీటీలు రాశాను. ఒకదాని మీద 'నంద్యాల', ఇంకోదాని మీద 'ఇంట్లోనే ప్రార్థన'. మోకరించి తీశాను. నంద్యాల వచ్చింది. మనసు నిలపకుండా తీశాను అని నాకు నేనే చెప్పుకున్నాను. చీటీ మళ్లీ మడిచి పెట్టి, ఈసారి చాలాసేపు ప్రార్థించి తీశాను. రెండోది వచ్చింది. బయటికొచ్చి మా ఆవిడతో, "దేవుడు ఇంట్లోనే ఉండమన్నాడు" అన్నాను. మొదటిసారి సంగతి చెప్పలేదు. ఆమె తడిగుడ్డ తెచ్చి పాప నుదుటి మీద వేసింది.

తెల్లవారేసరికి నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. "నాయనా, ఇప్పుడంత నొప్పి లేదు" అంది పాప. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? పిల్లను మందిరానికి ఎత్తుకొచ్చి, వెనక చాప మీద వాళ్లమ్మ ఒళ్లో పడుకోబెట్టి, నేను ముందుకెళ్లి సాక్ష్యం మొదలుపెట్టాను. గుమ్మడికాయలు, వడ్ల మూటలు, కాళ్లు కట్టేసిన కోళ్ల మధ్య నిలబడి దేవుడు నాతో ఎలా మాట్లాడాడో చెప్తున్నాను. జనం స్తోత్రం, స్తోత్రం అంటున్నారు.

అప్పుడు మందిరంలో చాపలు పరిచే అవ్వ లేచింది. ఆమెకు చదువు రాదు. ఒకప్పుడు అహోబిలం దారిలోని పల్లెల్లో కాన్పులు చేసేది. నేను మాట్లాడేటప్పుడు కునుకుతుందని ఆమెను అందరి ముందు కసిరిన రోజులున్నాయి. ఆమె పాప పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి చటుక్కున తీసేసింది.

"సాలించప్పా" అని అరిచింది. "బిడ్డ కడుపు బండ మాదిరి బిగిసింది. నొప్పి పోయిందని సంబరపడతాండావే, లోపల ఏదో పగిలింటాది. ఈడ ఏం చేస్తాండావ్? బేగా నంద్యాలకు ఎత్తకపో."

నాకు మొదట వచ్చింది భయం కాదు, కోపం. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మైకుతోనే వెనక్కి వెళ్లి పాప మొహం చూశాక కోపం ఎగిరిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

మైకు కింద పడేసి బండి కోసం కేకేశాను. సంఘంలో ఒకాయన కారు వాకిట్లోకి తెచ్చాడు. మా ఆవిడ మాత్రం కదల్లేదు. పాపను రెండు చేతులా గట్టిగా పట్టుకుని గోడకు ఆనుకుంది.

"దేవుడు ఈడే ఉండమన్నాడంటిరి కదా? ఆయన మాట కాదని పోతే, దావలో బిడ్డకేమన్నా ఐతే? నేను రాను."

ఆమెకు ఆ భయం నేర్పింది నేనే. పండుగకొచ్చిన జనమంతా మా చుట్టూ మూగారు.

"మొదటిసారి నంద్యాలే వచ్చింది" అన్నాను. "పండుగ ఇడిసిపెట్టి పోలేక మళ్లీ తీసినా."

ఆమె నన్ను చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోలేను. లేచి పాపతో కారెక్కింది. అవ్వను చెయ్యి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

నంద్యాలలో డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి నర్సును కేకేసింది. మనవాళ్లు ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారే, అదే, అపెండిక్స్. పగిలి చీము కడుపంతా పాకిందట. "ఇప్పుడేం చెప్పలేను" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆపరేషన్ గది తలుపు ముందు నాకు ప్రార్థన రాలేదు. ఇన్నేళ్లుగా గంటలు గంటలు చేసిన నోరే అది. "అవ్వా, నువ్వు చెయ్యి" అన్నాను.

ఆమె ఆ నేల మీదే మోకరించింది. "నాయనా, మాకు తెలీదు. నీకు తెల్సు. డాక్టరమ్మ చెయ్యి పట్టుకో. బిడ్డ నీదే. మేము నిన్నే నమ్ముకోనుండాం. ఆమెన్."

అంతే. నేనూ పక్కన మోకరించి 'మాకు తెలీదు' అన్నాను. దేవుడితో ఆ మాట అనడం నా జన్మలో అదే మొదలు. ఏం కావాలో ముందే తీర్మానించుకుని, ఆయన చేత సంతకం పెట్టించుకోవడానికే నేను ఇన్నాళ్లూ మోకరించాను.

పాప బతికింది. ఇంట్లో మళ్లీ ఎవరమూ చీటీలు రాయలేదు. మా ఆవిడ ఆ సంగతి ఎత్తనూ లేదు. ఏడాది దాటాక, పాపను నంద్యాల హాస్టల్లో చేర్చాలా, ఊళ్లోనే చదివించాలా అన్న మాట వచ్చింది. "ప్రార్థన చేసినా. ఈడే చదివించమని దేవుడు చెప్పినాడు" అన్నాను.

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండా అడిగింది.

"ఎన్నోసారికి చెప్పినాడు?"