టీచరు గారు రాసిచ్చిన ఉత్తరం

పోయిన మంగళవారం నందిగామలో ఆరో తరగతికి పాఠం చెబుతుంటే బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి, "పేట టీచరమ్మ గారు తెల్లారుజామున పోయారంటండీ" అన్నాడు. పాఠం పూర్తి చేసే బయటికి వచ్చాను. మధ్యలో ఆపితే ఆమె ఊరుకునేవారు కాదు.

జగ్గయ్యపేట కాన్వెంటులో మాకు ఇంగ్లీషు చెప్పింది ఆమే. మీలోనూ ఆమె దగ్గర చదివినవాళ్ళు ఉండే ఉంటారు. తెల్లచీర, గడియారం పట్టీలో దోపిన రుమాలు, చేతిలో రూళ్ళకర్ర. నాకు చదువంటే ఇష్టమని కనిపెట్టి, సెలవుల్లో పుస్తకాలకు అట్టలు వేసి మరీ ఇంటికి పంపేవారు. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆమె పెట్టిన భిక్షే.

"ప్రశ్నలు నేనడుగుతా. జవాబులు మీరు చెప్పండి" అనేవారు. పదకొండో ఏట ఒకసారి చెయ్యెత్తాను. పాఠంలో దొరసాని ఇంట్లో పగలంతా నిప్పు ఎందుకు మండుతుందని అడిగాను.

"ఓహో! అయితే రేపట్నుంచి పాఠం నువ్వే చెప్పు తల్లీ, నేను కింద కూర్చుంటా."

క్లాసంతా నవ్వింది. చివరి గంట కొట్టేదాకా నన్ను నీళ్ళకుండ పక్కన, ఎత్తిన చెయ్యి దించనివ్వకుండా నిలబెట్టారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

బి.ఏ. అయ్యాక ఇంగ్లండులో ఒక యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాను. "సీటొస్తే వెళ్ళు. రాకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకు" అన్నాడు నాన్న. చిన్నప్పటినుంచీ ఎరిగిన టీచరు ఒకరు నా గురించి ఉత్తరం రాయాలన్నారు అక్కడివాళ్ళు.

టీచరు గారు మూడుసార్లు చిత్తు రాసుకుని, కవరు అంటించే ముందు వరండాలో కూర్చోబెట్టి నాకు చదివి వినిపించారు. "ఈ అమ్మాయి ఎంతో అణకువ గలది. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పెద్దలు చెప్పినదానికి మించి ఆలోచించదు."

నీళ్ళకుండ సంగతి ఆమె మరిచిపోయారు. ఆమె దృష్టిలో అంతకంటే పెద్ద మెప్పు లేదు. అక్కడివాళ్ళు దాన్ని ఎలా చదువుతారో నాకు ఆ క్షణానే తెలిసింది.

"ఏమ్మా, బాగుందా?"

"బాగుందండీ."

నా చేత్తోనే పోస్టులో వేశాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. మార్కులు బాగున్నాయట. తమ దగ్గర చదువు ప్రశ్నించడంతోనే మొదలవుతుందని, టీచరు గారి ఉత్తరాన్ని బట్టి అది నాకు సరిపడదనుకుంటున్నామని మర్యాదగా రాశారు. నాన్న చదివి, మడిచి, బీరువాలో పెట్టాడు. టీచరు గారికి మాత్రం సీట్లు నిండిపోయాయని చెప్పాను.

"పోనీలే. మంచిపిల్లలు వాళ్ళకక్కర్లేదు కాబోలు. నందిగామ బళ్ళో టీచరుద్యోగం ఉందట, దానికీ నేనే రాసిస్తా."

అదే ఉత్తరం, అవే మాటలు. ఉద్యోగం వారంలో వచ్చింది.

ఆమెను సమాధి చేసేటప్పుడు ఫాదరు గారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. తల వంచి మళ్ళీ కూర్చున్నాను.

"చూశావా ఎంత వినయమో! అంతా ఆవిడ పెంపకం" అంది వెనక ఎవరో.

టీచరు గారి చెల్లెలు వచ్చి రూళ్ళకర్ర నా చేతిలో పెట్టింది. "నీకే ఇవ్వమందమ్మా."

నిన్న పాఠం మధ్యలో వెనక బెంచీ పిల్ల ఒకతి చెయ్యెత్తింది. నాకు తెలియకుండానే నా చేతిలోని కర్ర బల్ల మీద ఠప్పున పడింది. ఆ చిన్న చెయ్యి సగం దిగి, పూర్తిగా దించాలో వద్దో తెలియక, అక్కడే గాలిలో ఆగింది.